కణాలను చంపకుండా రోజుల తరబడి గమనించడం: ఇంపెడెన్స్ కొలతకు సమగ్ర మార్గదర్శి

కణాలు బతికున్నాయో లేదో రంగుతో చూపే ఎంటీటీ పరీక్ష చేస్తే, ప్లేటులోని ఆ గుంటలో (వెల్‌లో) ఉన్న కణాల కథ అక్కడితో సరి. మరుసటి గంటలో ఏమయ్యేదో తెలియాలంటే ఇంకో ప్లేటు పెట్టుకోవాలి. అవే కణాలను మూడు రోజులు, పావుగంటకోసారి, రంగు వేయకుండా చూడాలంటే ఎలా అని విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా ల్యాబుల్లో పనిచేసేవాళ్లూ, ఆంధ్రా యూనివర్సిటీ, గీతం పరిశోధక విద్యార్థులూ అడుగుతూనే ఉన్నారు. దానికి జవాబు ఇంపెడెన్స్ కొలత, అంటే ఏసీ కరెంటుకు కణాలు ఎంత అడ్డుపడుతున్నాయో చూడడం. ఆ యంత్రంతో వచ్చే మాన్యువల్‌లో ఏ మీట నొక్కాలో ఉంటుంది. రీడింగ్ ఎందుకు దారి తప్పుతుందో ఉండదు. ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం. తప్పుల్లో చాలావరకు కణాలు ప్లేటులోకి వెళ్లకముందే జరిగిపోతాయి.

1. రీడింగ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వెల్ అడుగున బంగారు పూత ఎలక్ట్రోడ్ ఉంటుంది. దాని గుండా చాలా చిన్న ఏసీ కరెంటు పంపుతారు. ఒక వోల్టు సిగ్నల్‌ను ఒక మెగాఓమ్ రెసిస్టర్ గుండా పంపితే కరెంటు ఒక మైక్రోఆంపియర్‌కు మించదు. ఎలక్ట్రోడ్ మీద పడేది కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి కణాలకు హాని ఉండదు.

కణపొర, అంటే ఒక్కో కణాన్ని చుట్టి ఉండే పొర, కరెంటును అడ్డుకుంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు కణాల కిందనుంచీ, కణానికీ కణానికీ మధ్య సందుల్లోంచీ దూరి బయటపడాలి. అందుకే 4 కిలోహెర్ట్జ్ దగ్గర చూసే రెసిస్టెన్స్ ఆ సందులు ఎంత బిగుసుకున్నాయో చెబుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కణపొర కెపాసిటర్‌లా పనిచేసి కరెంటును తనలోంచే పోనిస్తుంది. 64 కిలోహెర్ట్జ్ దగ్గర చూసే కెపాసిటెన్స్, ఎలక్ట్రోడ్‌లో ఎంత భాగం కణాలతో కప్పబడిందో చెబుతుంది. కప్పే కొద్దీ అది తగ్గుతుంది.

రెండింటిలో ఏదీ కణాల లెక్క కాదు. కణాలు వెడల్పుగా పరుచుకున్నా రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నా పెరుగుతుంది, ఉబ్బినా పెరుగుతుంది. గ్రాఫ్ లేచింది కాబట్టి కణాలు రెట్టింపయ్యాయని రాయడానికి ముందు మైక్రోస్కోపులో చూడాలి. జుర్కాట్ లాంటి తేలియాడే కణాలకు ఈ పద్ధతి పనికిరాదు. అడుగున అతుక్కునేవే కావాలి.

2. ప్లేటు, కణాలు ఎంచుకోవడం

వెల్‌కు 250 మైక్రాన్ల వ్యాసమున్న ఒకే ఎలక్ట్రోడ్ ఉన్న ప్లేటులో చిన్న కదలిక కూడా కనిపిస్తుంది. కానీ ఆ ఎలక్ట్రోడ్ మీద పట్టేది వందకు అటూఇటూ కణాలే. అక్కడ కణాలు పలుచగా పడితే ఆ వెల్ మొత్తం తప్పు చెబుతుంది. పది ఎలక్ట్రోడ్లున్న వెల్ సగటు చూపిస్తుంది, మందుల పరీక్షకు అదే మేలు. కరెంటుతో గాయం చేసి అది మానడం చూడాలంటే మాత్రం ఒకే ఎలక్ట్రోడ్ ప్లేటు వాడండి. ఆ గాయం కణాలను చంపుతుంది కాబట్టి దాన్ని హాని లేని కొలతగా లెక్కలో వేయకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎండీసీకే (కుక్క మూత్రపిండం) కణాలతో నేర్చుకోవడం మంచిది. సందులు గట్టిగా బిగుస్తాయి కాబట్టి గ్రాఫ్ స్పష్టంగా ఉంటుంది. ఫైబ్రోబ్లాస్టులకు అలాంటి బిగువు ఉండదు. వాటికి 4 కిలోహెర్ట్జ్ రెసిస్టెన్స్ మీద ఆశ పెట్టుకోకుండా కెపాసిటెన్స్ చూడండి. హెక్ 293 (మనిషి పిండం మూత్రపిండం) కణాల పట్టు బలహీనం, మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చేటప్పుడే లేచిపోతాయి. కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకుంటే వాటి పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద ఉంటాయి.

3. ఇంక్యుబేటర్, కనెక్షన్లు: ముందు రోజు పని

ప్లేటు కూర్చునే స్టాండును కనీసం ముందు రోజు సాయంత్రమే ఇంక్యుబేటర్‌లో పెట్టండి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నీటి ట్రే నిండుగా ఉండాలి. ఏసీ గదిలో చల్లబడిన స్టాండును నేరుగా తడి వేడిలోకి తోస్తే పిన్నుల మీద నీరు చెమర్చి, పిన్నుకూ పిన్నుకూ మధ్య కరెంటు జారుతుంది. అప్పుడు రీడింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువ వస్తుంది. కణాలు బాగా అతుక్కోలేదని మీరు పొరబడతారు.

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి. వాడనప్పుడు స్టాండును బల్ల మీద వదిలేయకుండా, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. ప్రతి ప్రయోగానికి ముందు పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూలు రాలని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. స్టాండు మీద ఆల్కహాల్ స్ప్రే కొట్టకూడదు, గుడ్డకు కొట్టి తుడవాలి.

వానాకాలమంతా బూజు బెడద ఉంటుంది. అట్టపెట్టెలు కల్చర్ గదిలోకి రానీయకండి. ట్రేలో స్టెరైల్ డిస్టిల్డ్ నీరే వాడి, వారానికోసారి మార్చండి. ఇంక్యుబేటర్‌కు వేడి స్టెరిలైజేషన్ సైకిల్ పెట్టే ముందు స్టాండు బయటికి తీశారో లేదో ఇద్దరు చూడండి. ఆ పొరపాటుకు రిపేరు ఉండదు.

కరెంటు సంగతి. యూపీఎస్‌ను యంత్రానికీ ల్యాప్‌టాప్‌కూ మాత్రమే ఇచ్చి ఇంక్యుబేటర్‌ను వదిలేస్తే, రీడింగులు వస్తూనే ఉంటాయి, కణాలు చల్లబడుతూ ఉంటాయి. మూడింటికీ ఇవ్వండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటిదానికి ఏ యూపీఎస్సూ చాలదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చాక 72 గంటల ప్రయోగం మొదలుపెట్టవద్దు.

తలుపు వేసే ముందు చూసుకోవాల్సినవి:

- ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశారా
- కేబుల్ వెనుక రంధ్రంలోంచి పోయి, సిలికాన్ బిరడా బిగుతుగా ఉందా
- గ్యాస్ సిలిండర్‌లో ప్రయోగం ముగిసేదాకా సరిపడా ఉందా
- తలుపు మీద "తెరవకండి" కాగితం, ముగింపు తేదీతో సహా అంటించారా

4. ఎలక్ట్రోడ్‌ను సిద్ధం చేయడం

ప్యాకెట్ విప్పగానే బంగారం ఉపరితలం ఒక్కో వెల్‌లో ఒక్కోలా ఉంటుంది. గాలిలోని మలినాలు పట్టి ఉంటాయి. దాన్ని అలాగే వాడితే మొదటి కొన్ని గంటలు రీడింగ్ తనంతట తానే జారుతూ ఉంటుంది. దీనికి విరుగుడు 10 మిల్లీమోలార్ ఎల్-సిస్టీన్.

- 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీటిలో 12.1 మిల్లీగ్రాముల ఎల్-సిస్టీన్ కరిగించండి. సీసా మీద హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్ అని ఉంటే 17.6 మిల్లీగ్రాములు. ఈ తేడా చూడనివాళ్లు చాలామంది.
- 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి.
- వెల్‌కు 200 మైక్రోలీటర్లు పోసి, గది వేడిమిలో 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి.
- స్టెరైల్ నీటితో రెండుసార్లు కడగండి.

ఈ ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిల్వ ఉంటే గాలి తగిలి సిస్టీన్ కాస్తా సిస్టైన్‌గా మారుతుంది, బంగారాన్ని పట్టుకునే గుణం తగ్గుతుంది.

తర్వాత ప్రొటీన్ పూత. ఫైబ్రోనెక్టిన్ అయితే మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు చాలు. మీ స్టాక్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే, 20 మైక్రోలీటర్లను 1,980 మైక్రోలీటర్ల పీబీఎస్‌ (ఫాస్ఫేట్ బఫర్ ఉప్పు ద్రావణం)లో కలపండి. ఎనిమిది వెల్స్‌కు 200 చొప్పున పోయగా కొంచెం మిగులుతుంది. 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. ఖర్చు తగ్గించాలంటే చాలా కణాలకు 0.1 శాతం జెలటిన్ సరిపోతుంది. ఏది వాడినా, పూత తీశాక వెల్ ఆరిపోకూడదు. ఒకటి ఖాళీ చేసిన వెంటనే మీడియం పోసి, తర్వాత వెల్‌కు వెళ్లండి. ఎనిమిదీ ఖాళీ చేసి అప్పుడు నింపడం మొదలుపెడితే మొదటి వెల్ ఆరిపోతుంది. ఏసీ నేరుగా కొట్టే హుడ్ (స్టెరైల్ గాలి వీచే క్యాబినెట్) దగ్గరైతే ఇంకా త్వరగా.

5. కణాలు లేని రీడింగ్: దీన్ని దాటవేయవద్దు

వెల్‌కు 400 మైక్రోలీటర్ల మీడియం పోయండి. కణాలతో వాడబోయే మీడియమే, అంతే సీరంతో. సీరం ప్రొటీన్లు బంగారానికి అంటుకుని రీడింగ్ మారుస్తాయి కాబట్టి, ఇప్పుడు సీరం లేకుండా చూసి తర్వాత సీరంతో చూస్తే పోలిక కుదరదు.

స్టాండులో పెట్టి కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఆగండి. మీడియం వేడి ఒక డిగ్రీ మారితే దాని వాహకత దాదాపు 2 శాతం మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియం వేడెక్కుతున్నంతసేపూ గీత కిందికి జారుతూనే ఉంటుంది.

ఎంత రావాలి? చిన్న గుండ్రటి ఎలక్ట్రోడ్ దగ్గర మీడియం వల్ల వచ్చే రెసిస్టెన్స్‌ను ముందే లెక్కకట్టవచ్చు. మీడియం రెసిస్టివిటీని నాలుగింతల వ్యాసార్ధంతో భాగించాలి. 37 డిగ్రీల దగ్గర రెసిస్టివిటీ సుమారు 65 ఓమ్-సెంటీమీటర్లు, వ్యాసార్ధం 0.0125 సెంటీమీటర్లు. భాగిస్తే 1,300 ఓమ్‌లు. దీనికి బంగారం ఉపరితలం వాటా కలిసి, 4 కిలోహెర్ట్జ్ దగ్గర మొత్తం రెసిస్టెన్స్ 2,000 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. కెపాసిటెన్స్ 5 నానోఫారడ్‌ల దగ్గర ఉంటుంది. పది ఎలక్ట్రోడ్ల వెల్ అయితే రెసిస్టెన్స్ సుమారు పదో వంతుకు తగ్గుతుంది, కెపాసిటెన్స్ పదింతలవుతుంది.

ఎనిమిది వెల్స్‌లో మధ్యస్థం నుంచి 10 శాతం కంటే దూరంగా ఉన్నదాన్ని ముందు అనుమానించండి. ప్లేటు తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. అయినా మారకపోతే ఆ వెల్‌కు కణాలు వృథా చేయకండి, కణాలు లేని కంట్రోల్‌గా పెట్టుకోండి. అది ఎలాగూ కావాలి.

6. కణాలు వేయడం

చనిపోయిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కించినప్పుడు బతికున్నవి 95 శాతం ఉండాలి. 90 కంటే తక్కువైతే ఆ రోజుకు ఆపేయండి.

వెల్ వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు. త్వరగా నిండు పొర కావాలంటే చదరపు సెంటీమీటరుకు లక్ష కణాలు, అంటే వెల్‌కు 80 వేలు. మిల్లీలీటరుకు 2 లక్షల చొప్పున 4 మిల్లీలీటర్లు కలుపుకుని, వెల్‌లో ముందున్న మీడియం తీసేసి, వెల్‌కు 400 మైక్రోలీటర్లు పోయండి. కణాలు పెరగడం చూడాలంటే వెల్‌కు 5 వేల నుంచి 10 వేలు చాలు. నిండు పొరతో మొదలుపెట్టి పెరుగుదల కనిపించలేదని వాపోవడంలో అర్థం లేదు.

పోశాక ప్లేటును గుండ్రంగా తిప్పకండి, కణాలన్నీ గోడల వైపు పోతాయి. సమతలంగా ఉన్న హుడ్ బల్ల మీదే 10 నుంచి 15 నిమిషాలు కదపకుండా వదిలేయండి. వెంటనే వేడి ఇంక్యుబేటర్‌లో పెడితే మీడియంలో వేడి ప్రవాహాలు పుట్టి కణాలను అంచులకు నెడతాయి. మామూలు ఫ్లాస్కులో ఇది పెద్ద తేడా కాదు. పావు మిల్లీమీటరు ఎలక్ట్రోడ్ ఉన్నచోట ఇదే అసలు తేడా. పక్కపక్క వెల్స్ ఒకే రకం కణాలతో వేర్వేరు గ్రాఫులు ఇస్తున్నాయంటే ముందు ఈ మెట్టును చూడండి.

7. ఫ్రీక్వెన్సీ, విరామం

కొత్త కణాలతో మొదటిసారి అన్ని ఫ్రీక్వెన్సీల స్కాన్ పెట్టండి, 62.5 హెర్ట్జ్ నుంచి 64 కిలోహెర్ట్జ్ దాకా. నిండు పొర రీడింగ్‌ను కణాలు లేని రీడింగ్‌తో భాగించి, ఆ నిష్పత్తి ఎక్కడ ఎక్కువో చూడండి. మీ కణాలకు అదే సరైన ఫ్రీక్వెన్సీ. ఆ తర్వాతి ప్రయోగాలకు 4, 16, 64 కిలోహెర్ట్జ్ ఉంచుకుంటే సాధారణంగా చాలు.

అతుక్కునే దశలో, మందు వేసిన మొదటి రెండు గంటల్లో యంత్రం ఎంత వేగంగా కొలవగలిగితే అంత. తర్వాత 10, 15 నిమిషాలకోసారి.

వేరే యంత్రాల్లో కనిపించే సెల్ ఇండెక్స్ అనేది ఓమ్‌లలో ఉండదు. ఎక్స్‌సెలిజెన్స్ అనే యంత్రంలో 10 కిలోహెర్ట్జ్ ఇంపెడెన్స్ నుంచి కణాలు లేని ఇంపెడెన్స్ తీసేసి 15తో భాగిస్తారు. రెండు యంత్రాల అంకెలను ఒకే గ్రాఫులో కలపకండి.

8. గ్రాఫ్ చదవడం

ఆరోగ్యంగా ఉన్న ఎండీసీకే కణాల్లో 64 కిలోహెర్ట్జ్ కెపాసిటెన్స్ మొదటి కొన్ని గంటల్లో బాగా పడిపోయి, పొర నిండాక సమంగా నిలుస్తుంది. 4 కిలోహెర్ట్జ్ రెసిస్టెన్స్ మాత్రం ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు ఎక్కుతూనే ఉంటుంది. నేల నిండింది, గోడలు ఇంకా లేస్తున్నాయి. కెపాసిటెన్స్ నిలిచింది కదా అని మందు వేసేస్తే, రెసిస్టెన్స్ దానంతటదే ఎక్కే దశలో మందు ప్రభావం కలిసిపోయి ఏది ఏదో తెలియదు. రెసిస్టెన్స్ కూడా మూడు, నాలుగు గంటలపాటు నిలకడగా ఉన్నాక వేయండి.

ఒకే ఎలక్ట్రోడ్ వెల్‌లో గీత నున్నగా ఉండదు, సన్నగా వణుకుతూ ఉంటుంది. దాన్ని నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్‌లో నునుపు చేసేయకండి. కణాలు కదులుతున్నందువల్ల వచ్చేదే ఆ వణుకు. కణాలు చనిపోతే అది ఆగిపోతుంది. కణాలు లేని వెల్‌లోనూ అంతే వణుకు ఉంటే మాత్రం అది కరెంటు గోలే.

గీత తేడాగా ఉంటే:

- అన్ని వెల్స్ ఒకేసారి పక్కకు జరిగి అరగంటలో తిరిగొస్తే: ఎవరో తలుపు తెరిచారు.
- ఒక్క వెల్ ఒక్కసారిగా చాలా పైకి ఎగిరితే: పిన్ను తాకడం లేదు. ప్లేటు మళ్లీ కూర్చోబెట్టండి.
- అన్నీ, కణాలు లేని వెల్ సహా, రోజుల మీద మెల్లగా దిగితే: నీరు ఆవిరై మీడియం చిక్కబడుతోంది. ట్రే చూడండి.
- కణాలున్న వెల్స్ మాత్రమే మూడో రోజు దిగితే: మీడియంలో పోషకాలు అయిపోయాయి. సగం మీడియం మార్చి చూడండి.
- ఒక వెల్ దిగి, మీడియం మసకగా ఉంటే: కంటామినేషన్. ఆ ప్లేటు బయటికి తీయండి, ఆశ వదులుకోండి.

9. మందు కలపడం

ఎనిమిది వెల్స్‌ను ఇలా పంచండి: కణాలు లేకుండా మీడియం ఒకటి, కణాలు లేకుండా మందు ఒకటి, కణాలతో ద్రావకం మాత్రమే మూడు, కణాలతో మందు మూడు. రెండో వెల్‌ను చాలామంది మిగులుబాటు కోసం వదిలేస్తారు. కొన్ని పదార్థాలు కణాలతో పని లేకుండా నేరుగా బంగారంతోనే చర్య జరుపుతాయి. ఆ వెల్ లేకపోతే దాన్ని మందు మహిమ అనుకుంటారు.

400 మైక్రోలీటర్లున్న వెల్‌కు ఐదు రెట్ల గాఢతతో 100 మైక్రోలీటర్లు, 37 డిగ్రీలకు వేడి చేసి, గోడ వెంట నెమ్మదిగా వదలండి. చిటికెడు మోతాదు గాఢంగా వేస్తే అది అడుగుకు దిగి ఎలక్ట్రోడ్ మీది కణాలనే ముందు కాలుస్తుంది. మందును కరిగించే డీఎంఎస్ఓ ద్రావకం చివరికి 0.1 శాతం మించకూడదు, ద్రావకం వెల్స్‌లో కూడా సరిగ్గా అంతే ఉండాలి. ఏది పోసినా గీత కాసేపు కుంగుతుంది, గంటా రెండు గంటల్లో లేస్తుంది. ద్రావకం వెల్స్ లేచాకే మందు వెల్స్ గురించి మాట్లాడండి.

ప్రతి వెల్‌ను, మందు వేయడానికి సరిగ్గా ముందున్న దాని సొంత రీడింగ్‌తో భాగించి చూపండి.

10. ప్లేటు పారేసే ముందు

మందు వెల్స్ పని అయ్యాక, ఒక ద్రావకం వెల్‌లో కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ 2 మిల్లీమోలార్ వేయండి. కాల్షియం పోవడంతో సందులు విడిపోయి 4 కిలోహెర్ట్జ్ రెసిస్టెన్స్ దిగుతుంది. కణాలు ఇంకా నేలను కప్పే ఉన్నాయి కాబట్టి 64 కిలోహెర్ట్జ్ కెపాసిటెన్స్ మొదట్లో అంతగా కదలదు. కాల్షియం ఉన్న మీడియంతో మార్చేస్తే కొన్ని గంటల్లో రెసిస్టెన్స్ తిరిగి లేస్తుంది.

చివరగా ఒక వెల్‌లో కణాలను కరిగించే డిటర్జెంట్, 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100. రీడింగ్ మొదటి రోజు చూసిన కణాలు లేని విలువ దగ్గరికి రావాలి. రాకపోతే ఎలక్ట్రోడే మారిపోయింది. ఆ ప్లేటు మొత్తం డేటాను ఆ అనుమానంతోనే చూడండి.

కణాలను అడుగు నుంచి ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్‌తో కడిగి ప్లేటును మళ్లీ వాడొచ్చా? చేయి తిరగడానికైతే వాడండి. పేపరులో వేసే డేటాకు వద్దు.

11. ఇన్సర్టు మీద పెంచే కణాలకు

కాకో-2 (మనిషి పేగు) కణాల పొరలను ట్రాన్స్‌వెల్ ఇన్సర్టు, అంటే వెల్‌లో వేలాడే, అడుగున సన్న రంధ్రాల పొర ఉన్న చిన్న కప్పు మీద సాధారణంగా 21 రోజులు పెంచి, రెండు కాళ్ల చాప్‌స్టిక్ ఎలక్ట్రోడ్‌తో రెసిస్టెన్స్ చూస్తారు. లెక్క సులువు: వచ్చిన రీడింగ్ నుంచి కణాలు లేని ఇన్సర్టు రీడింగ్ తీసేసి, వైశాల్యంతో గుణించాలి. 12 వెల్ ఇన్సర్టు వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లు. 650 నుంచి 120 తీసేస్తే 530, గుణిస్తే 593.6 ఓమ్-చదరపు సెంటీమీటర్లు. భాగించినవాళ్ల పట్టికలు కూడా కనిపిస్తుంటాయి, యూనిట్ చూస్తే తప్పు తెలిసిపోతుంది.

ప్లేటు బయటికి తీశాక 15, 20 నిమిషాలు ఆగి, ప్రతిరోజూ అదే వేడిమి దగ్గర కొలవండి. ఎలక్ట్రోడ్ నిటారుగా ఉండాలి, పొట్టి కాలు కణాల పొరను తాకకూడదు. 70 శాతం ఆల్కహాల్‌లో 15 నిమిషాలు ముంచి, మీడియంతో కడిగి వాడండి.

12. సొంతంగా బోర్డు తయారుచేసేవాళ్లకు

ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా ఇంపెడెన్స్ కొలిచే ఏడీ5933 చిప్‌తో మొదలుపెడతారు. చవక, 100 కిలోహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. డేటాషీట్‌లో ఉన్న సర్క్యూట్‌కే ఎలక్ట్రోడ్ తగిలిస్తే మాత్రం కణాలు చస్తాయి. 3.3 వోల్టుల మీద నడిపినప్పుడు దాని అతి చిన్న అవుట్‌పుట్ 198 మిల్లీవోల్టులు, దానితో పాటు 0.173 వోల్టుల డీసీ వస్తుంది. ఇన్‌పుట్ వైపు సగం సప్లై, అంటే 1.65 వోల్టులు ఉంటుంది. ఎలక్ట్రోడ్ల మధ్య దాదాపు వోల్టున్నర డీసీ పడి నీరు విడిపోవడం మొదలవుతుంది. కెపాసిటర్‌తో డీసీని ఆపి, సిగ్నల్‌ను మళ్లీ సగం సప్లై మీదికి తెచ్చి, పది, ఇరవై మిల్లీవోల్టులకు తగ్గించి, బఫర్ ద్వారా పంపాలి.

మామూలు పీసీబీ బంగారు పూతను ఎలక్ట్రోడ్‌గా వాడకండి. దాని కింద నికెల్ ఉంటుంది. పలచని బంగారంలోని సన్న రంధ్రాల్లోంచి అది మీడియంలోకి దిగి కణాలకు విషమవుతుంది. గాజు మీద వేసిన పూత, లేదా కొన్న ప్లేటు వాడి, బోర్డు మాత్రం మీరు తయారుచేసుకోండి.

కణాల కంటే ముందు ఒక 1.2 కిలోఓమ్ రెసిస్టర్‌ను 4.7 నానోఫారడ్ కెపాసిటర్‌తో వరుసగా కలిపి, ప్లేటు స్థానంలో పెట్టి కొలవండి. ప్రతి ఫ్రీక్వెన్సీకీ విడిగా క్యాలిబ్రేట్ చేయాలి, ఒకచోట చేసి అంతటికీ వాడితే అంచుల్లో తప్పుతుంది. తర్వాత అదే జతను తడి ఇంక్యుబేటర్‌లో 24 గంటలు నడపండి. గీత 1 శాతం లోపు నిలవకపోతే లోపం కనెక్టర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. అది సరయ్యేదాకా ట్రిప్సిన్ సీసా ఫ్రిజ్‌లోంచి తీయకండి.